ఖనిలో ఒక ఎరల క్లబ్బు



బొగ్గు బాయిల ఊళ్లలో పనితనం తెలిసిన చేతులకు కొదవ లేదు. గోదావరిఖని, ఎయిటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ, ఎన్టీపీసీ టౌన్‌షిప్, ఇలా ఏ వాడకు పోయినా ఒక ఫిట్టరో, టర్నరో, వెల్డరో, హాలర్ తోలినాయనో ఎదురవుతాడు. ఇనుమును కంటితో చూసి కొలత చెప్పగలవాళ్లు, బేరింగ్ చప్పుడు విని ఎక్కడ అరిగిందో పట్టేవాళ్లు వీళ్లు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఆ చేతులకు తీరిక దొరకదు. రిటైరైన తెల్లారి నుంచి పనే ఉండదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల చుట్టుపక్కలకు వచ్చింది. అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతుంటే, ఆ బాయిల్లో నేర్చిన పని కూడా మనుషులతో పాటే ఇంటికి వెళ్లిపోతోంది. ఆ ఇంట్లోనే ఉండే మనవడికి ఆకురాయి ఎట్లా పట్టాలో తెలియదు. తాతకు తెలుసు. ఆ ఇద్దరూ కలిసి కూర్చోవడానికి ఒక సాకు కావాలి.

అట్లాంటి సాకు ఒకటి చెబుతాను. చేపలు పట్టే బొమ్మ ఎరలను చేత్తో తయారు చేసుకునే క్లబ్బు ఒకటి మన గోదావరిఖనిలో పెట్టుకుందాం.

గాలం సంగతి మన ప్రాంతంలో తెలియనివాళ్లు ఉండరు. కట్టె, వైరు, బెండు, కొక్కెం, దానికి గుచ్చిన ఎర్ర. బొచ్చెకూ రవ్వకూ అయితే తవుడు, పిండి కలిపిన ముద్ద. బెండు మునిగేదాకా ఓపికగా కూర్చోవడమే ఈ పద్ధతి. చేపల్లో ఇంకో జాతి ఉంది. అవి ముద్దను లెక్కచేయవు, కదిలేదాన్ని తరిమి పట్టి మింగుతాయి. మనం కొర్రమట్ట అని పిలిచే కొర్రమీను అట్లాంటిదే. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. పెద్ద నోటి వాలుగ ఇంకొకటి. వీటికి కప్పలాగో, చిన్న చేపలాగో కదిలే బొమ్మను విసిరి, వైరు చుట్టుకుంటూ లాగితే చాలు. ప్రాణం ఉన్నదనుకుని మీద పడతాయి. బజారులో వీటిని ల్యూర్లు అంటారు. చైనా నుంచో జపాన్ నుంచో వచ్చిన రంగురంగుల ల్యూర్లు ఆన్‌లైన్లో కొని తెప్పించుకునే కుర్రాళ్లు ఖనిలోనూ, నది అవతల మంచిర్యాలలోనూ ఇప్పుడు చాలామందే ఉన్నారు. అందులో మూడొంతులు మన ఇంట్లో పడేసే సామానుతోనే తయారవుతాయని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఇట్లాంటి వస్తువులను పెద్ద ఫ్యాక్టరీలే చేస్తాయని మనం అనుకుంటాం. వాటి పుట్టుక చూస్తే చాలావరకు వసారాల్లోనూ వంటింటి బల్లల మీదా పుట్టినవే. అమెరికాలో మిచిగన్ రాష్ట్రం డొవాజియాక్ అనే ఊళ్లో జేమ్స్ హెడన్ అనే తేనెటీగల పెంపకందారు ఉండేవాడు. 1890లలో ఆయన తన కోసం, స్నేహితుల కోసం కర్రతో కప్పలు చెక్కాడు. తర్వాత ఆయన పేరుతోనే పెద్ద కంపెనీ వచ్చింది. ఫిన్లాండులో లౌరీ రపాలా అనే పేద జాలరి కథ ఇంకా మనకు దగ్గరది. ఒక పెద్ద చేప చిన్న చేపల గుంపులోకి దూరితే, అన్నిటినీ వదిలి, ఒక్కటి సరిగ్గా ఈదలేక ఒరిగిపోతున్నదాన్నే పట్టుకోవడం ఆయన గమనించాడు. 1936లో బెండును చెప్పులు కుట్టే కత్తితో చెక్కాడు, చాక్లెట్ చుట్టిన తళుకు రేకు అంటించాడు, వార్నిష్ కొనే డబ్బు లేక ఫొటో నెగటివ్‌లు కరిగించి పూత పూశాడు. ఆ బొమ్మ నీళ్లలో గాయపడిన చేపలాగే ఒరుగుతూ ఈదింది. ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముడయ్యే రపాలా ఎరల మొదటి నమూనా అదే.

మన వైపు కూడా దీనికి పాత చరిత్ర ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం అచ్చువేశాడు. 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించే ప్రత్యేకంగా ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని ఇంకో పుస్తకం రాశాడు. దక్షిణాది చెరువులకు తగిన గాలం విద్య గురించి దాదాపు 140 ఏళ్ల కిందటే పుస్తకం ఉందంటే, ఈ పని మనకు కొత్త కాదని అర్థం. కేరళలో కొర్రమీనును వరాల్ అంటారు. అక్కడ చేత్తో చేసిన కప్ప ఎరలకు మంచి పేరుంది. అంత నైపుణ్యం మన బొగ్గు ప్రాంతంలో లేదంటే నేను ఒప్పుకోను.

కప్ప దగ్గరే మొదలుపెడదాం. కొర్రమట్టకు బతికిన కప్పను కొక్కేనికి గుచ్చి వేయడం ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. గుచ్చిన కప్ప నీళ్లలో కాళ్లు కొట్టుకుంటుంది, ఆ కదలిక చూసి చేప వస్తుంది. ఆ పద్ధతిని మనం వదిలేయాలి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన పెద్ద కప్పకు రక్షణ ఉంది. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే ఆపేసింది. పొలాల్లో పురుగులను తినే జీవాన్ని టన్నుల కొద్దీ విదేశాలకు పంపుతుంటే, ఇక్కడ పురుగుమందు వాడకం పెరుగుతోందన్న బాధ అప్పట్లో గట్టిగా వినిపించింది. చట్టం సంగతి అట్లా ఉంచినా, చెప్పు ముక్కతో చేసిన కప్పకే చేప వస్తున్నప్పుడు బతికినదాన్ని గుచ్చడం దేనికి?

చెప్పు ముక్క అని ఊరికే అనలేదు. పాత హవాయి చెప్పు అడుగును తీసుకోండి. మడమ దగ్గర అరిగి ఉంటుంది, ముందు భాగం మందంగా ఉంటుంది. ఆ మందమైన చోట 2 అంగుళాల పొడవు, 1 అంగుళం వెడల్పు ముక్క కోయాలి. కొత్త బ్లేడుతో కోస్తే అంచు శుభ్రంగా వస్తుంది, పాత బ్లేడుతో చిరుగుతుంది. ముందువైపు మూతిలాగా సన్నగా, మధ్యలో పొట్టలాగా గుండ్రంగా, వెనక మళ్లీ కొంచెం సన్నగా చెక్కాలి. చెక్కింది గరుకుగా ఉంటే సాన్‌పేపర్‌తో రుద్దాలి. ఆ తర్వాత పొట్ట కింద మధ్యగా ఒక గాటు పెట్టి, అందులో స్టీలు తీగను మూతి నుంచి తోక దాకా పడుకోబెట్టాలి. మూతి దగ్గర తీగకు చిన్న గుండ్రం తిప్పితే అక్కడ వైరు కడతాం. తోక దగ్గర ఇంకో గుండ్రం, దానికి రెండు మొనల కొక్కెం.

పనితనమంతా ఇక్కడి నుంచే. కొక్కెం రెండు మొనలూ కప్ప వీపుకు ఇరువైపులా పైకి తిరిగి, రబ్బరుకు ఆనీ ఆననట్టు ఉండాలి. మొన బయటికి పొడుచుకు వస్తే గుర్రపుడెక్కకో, తామర తూటికో తగులుకుంటుంది. మరీ లోపలికి పోతే చేప నోట్లో దిగదు. సరిగ్గా కుదిరితే ఆకుల మీదుగా, నాచు మీదుగా జారుకుంటూ వస్తుంది, ఎక్కడా పట్టదు. కొర్రమట్ట నోట పట్టి అదిమినప్పుడు రబ్బరు అణిగి మొన బయటపడుతుంది. అందుకే ఈ ఎరకు గట్టి చెక్క కన్నా మెత్తని చెప్పు మేలు. గాటులో తోక వైపుకు చిన్న బరువు పెట్టి ఫెవిక్విక్‌తో మూసేస్తే, కప్ప ఎంత దూరం విసిరినా పొట్ట కిందికే పడుతుంది, మూతి కొంచెం పైకెత్తి కూర్చుంటుంది. కాళ్లకు పగిలిన బుగ్గల రబ్బరు సన్నగా చీల్చి కట్టుకోవచ్చు. తోక వెనక కూల్‌డ్రింక్ డబ్బా రేకుతో చిన్న ఆకు కత్తిరించి తగిలిస్తే, లాగినప్పుడు తిరుగుతూ నీళ్లను చిందిస్తుంది. ఆ చప్పుడుకే కొర్రమట్ట తల తిప్పుతుంది.

చేప అందుకున్న వెంటనే ఎగదీయకూడదు. ఒక్క గుక్క ఆగి, వైరు బిగుసుకున్నాక లాగాలి. ఎర తయారు చేయడానికి పట్టే ఓపిక కన్నా ఈ ఒక్క గుక్క ఆగే ఓపిక నేర్చుకోవడమే కుర్రాళ్లకు కష్టం.

చెంచా ఎర ఇంకా సులువు. వంటింట్లో కాడ విరిగిన చెంచాలు ఎవరింట్లోనైనా ఉంటాయి. కాడ కోసేసి, గిన్నె భాగానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి రంధ్రాలు వేసి, ఒకవైపు రింగు, ఇంకోవైపు మూడు మొనల కొక్కెం తగిలిస్తే అయిపోయింది. అమెరికాలో జూలియో బ్యూల్ అనే ఆయన ఇదే ఊహతో చేసిన ఎరకు 1852లో పేటెంటు తీసుకున్నాడు. స్టీలు చెంచాకు రంధ్రం వేయడం మాత్రం కొత్తవాళ్లకు చిక్కే. డ్రిల్ బిట్ జారిపోతుంది, వేడెక్కి మొద్దుబారుతుంది. ముందు సెంటర్ పంచ్‌తో గుంట పెట్టాలి, స్పీడు తగ్గించాలి, నూనె చుక్క వేయాలి, మీద బరువు గట్టిగా ఆన్చాలి. ఇవన్నీ వర్క్‌షాపులో 30 ఏళ్లు చేసిన మనిషికి కళ్లు మూసుకున్నా వచ్చే పనులు. పదో తరగతి పిల్లవాడికి అవే అద్భుతాలు. ఇత్తడి చెంచా దొరికితే ఇంకా మంచిది, మెత్తగా కోతకు లొంగుతుంది, సుత్తెతో కొట్టి లోతు మార్చుకోవచ్చు. లోతు ఎక్కువైతే చెంచా నెమ్మదిగా లాగినా పెద్దగా ఊగుతుంది. చదునుగా ఉంటే త్వరగా మునుగుతుంది, చిన్నగా వణుకుతుంది. వాలుగ కోసం లోతైన నీళ్లలో వేసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

చెక్కతో చేప బొమ్మ చేయడం అన్నిటికన్నా పై మెట్టు. తేలికగా ఉండాలి, సులువుగా చెక్కుడు పడాలి, నీళ్లకు పగలకూడదు. ఆ గుణాలన్నీ ఉన్న కర్ర గోదావరికి ఎగువన నిర్మల్‌లో బొమ్మలవాళ్లు తరతరాలుగా వాడుతున్నదే: పొనికి. కొండపల్లి బొమ్మలకూ అదే కర్ర. అడవిలో పొనికి తగ్గిపోతోందని కళాకారులు చాలాకాలంగా బాధపడుతున్నారు కాబట్టి, మనం చెట్టు జోలికి పోకుండా, బొమ్మలవాళ్ల దగ్గర మిగిలే చిన్న ముక్కలనే కొనుక్కుందాం. మన ఎర అరచేతిలో ఇమిడేంతే కదా, వాళ్లకు పనికిరాని ముక్క మనకు సరిపోతుంది. కొండపల్లిలో చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి మక్కు అని చేసుకుంటారు, బొమ్మ అతుకులు కప్పడానికి. ఎర పొట్టలో బరువు పెట్టిన గాటును కూడా దానితో పూడ్చవచ్చు, మీద వార్నిష్ మాత్రం గట్టిగా పడాలి. బొమ్మల కళాకారులు ఎవరైనా ఒక రోజు వచ్చి రంగులు వేయడం చూపిస్తే, క్లబ్బుకు అంతకన్నా మంచి పాఠం ఉండదు.

చెక్క చేపకు ముందు ఒక చిన్న పలక ఉంటుంది, గడ్డం కింద నాలుక చాపినట్టు. అదే దాన్ని ఈదిస్తుంది. పాత సీడీ నుంచో, పాలికార్బనేట్ షీటు ముక్క నుంచో కత్తిరించుకోవచ్చు. పలక నిటారుగా కిందికి ఉంటే బొమ్మ పైపైనే బాగా ఊగుతూ వస్తుంది. ఒంటికి సమాంతరంగా ముందుకు చాచి ఉంటే లోతుకు దిగుతుంది. మూతి దగ్గరి తీగ గుండ్రం వెంట్రుకవాసి పక్కకు ఉన్నా బొమ్మ ఒకవైపుకే పోతుంది. ఎడమకు పోతుంటే ఆ గుండ్రాన్ని పట్టుకారుతో కొంచెం కుడికి వంచాలి. కుడికి పోతుంటే ఎడమకు. వంచడం, నీళ్లలో లాగి చూడడం, మళ్లీ వంచడం. బొమ్మ ఒక్కసారిగా దారిలో పడి ప్రాణం వచ్చినట్టు ఈదినప్పుడు చూసేవాళ్ల మొహాలు వెలుగుతాయి. చేప పడినా పడకపోయినా ఆ సంతోషం ఎక్కడికీ పోదు.

దీన్ని చూసుకోవడానికి నీళ్లు కావాలి. ఇంట్లో బకెట్టు, టబ్బు సరిపోవు, లాగేలోపే గోడ తగులుతుంది. 10, 12 అడుగుల పొడవున ఇటుకలు పేర్చి, మధ్యలో టార్పాలిన్ పరిచి, మోకాలి కింది దాకా నీళ్లు నింపితే చాలు. ఇది క్లబ్బుకు గుండెకాయ లాంటిది. ఎందుకంటే మన దగ్గర నది పరిస్థితి మీకు తెలిసిందే. 2019 తర్వాత సుందిళ్ల బ్యారేజీ వెనక నీళ్లు నిలిచి, ఖని పక్కన గోదావరి ఎండాకాలంలో కూడా నిండుగా కనిపించింది. 2023 అక్టోబరులో కింద మేడిగడ్డ బ్యారేజీలో పియర్లు కుంగాక, పైనున్న అన్నారం, సుందిళ్లలోనూ నీళ్లు నిల్వ పెట్టడం ఆగింది. ఇసుక మళ్లీ బయటపడింది. ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది, 20 టీఎంసీల పైన నీళ్లు పట్టే జలాశయం. ఎన్టీపీసీ రిజర్వాయరు ఉంది, 2022 నుంచి దాని మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ పలకలు కూడా ఉన్నాయి. అది రక్షణలో ఉండే చోటు, అనుమతి లేకుండా దగ్గరికి పోయేది కాదు. నది ఎట్లా ఉన్నా, చెరువు ఎండినా, టార్పాలిన్ తొట్టిలో నీళ్లు మన చేతిలో ఉంటాయి. క్లబ్బు బతకాలంటే దాని పని నది మీద ఆధారపడకూడదు.

పాత ఓపెన్‌కాస్టు గుంతల్లో నిలిచిన నీళ్ల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నీళ్లు నీలంగా, ప్రశాంతంగా కనిపిస్తాయి, చేపలు కూడా ఉంటాయి. వాటి ఒడ్డు చెరువు కట్ట లాంటిది కాదు. తవ్విన మట్టి వదులుగా ఉండి అడుగు వేసినచోట కూలుతుంది, ఒడ్డునే నిట్టనిలువు లోతు ఉంటుంది. క్లబ్బు పేరుతో ఎవరూ అక్కడికి పోకూడదు. ఇందులో మినహాయింపులు వద్దు.

ఇక చెరువుల సంగతి. మన ఊళ్ల చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. ముదిరాజులు, గంగపుత్రులు తరాలుగా ఆ నీళ్ల మీద బతుకుతున్నారు. చేపపిల్లలను వదిలేది, కాపలా కాసేది, నష్టమొస్తే భరించేది వాళ్లే. చేతిలో ఖరీదైన రీలు ఉన్నంత మాత్రాన వాళ్ల చెరువు గట్టు ఎక్కి గాలం విసరడం న్యాయం కాదు. క్లబ్బు పెట్టిన మొదటి వారమే సంఘం పెద్దల దగ్గరికి పోయి కూర్చోవాలి. "కాకా, మేము కొర్రమట్టకే వేస్తాం, మీరు ఒప్పుకున్న రోజే వస్తాం, మీరు చెప్పిన చేపే తీసుకుంటాం, మిగతాది వదిలేస్తాం" అని మాట ఇవ్వాలి, ఇచ్చిన మాట మీద నిలబడాలి. దినానికింతని వాళ్లు రుసుము అడిగితే సంతోషంగా కట్టాలి. నా వరకు నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. ఆ సంఘాల్లో ఉన్న ముసలి జాలరులను క్లబ్బుకు గురువులుగా పిలవాలి. ఏ కాలంలో కొర్రమట్ట ఎక్కడ ఉంటుంది, గాలి పీల్చుకోవడానికి పైకి ఎప్పుడు వస్తుంది, బుడగను బట్టి చేప సైజు ఎంత అన్నవి వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవే. మన ఫిట్టరుకు ఇనుము తెలుసు, జాలరికి నీళ్లు తెలుసు. ఒకరి దగ్గర ఒకరు కూర్చుంటేనే మంచి ఎర తయారవుతుంది.

బొగ్గు ప్రాంతంలో ఇంకో చెడ్డ అలవాటు గురించి దాచిపెట్టకుండా మాట్లాడాలి. పేలుడు పదార్థాలు నీళ్లలో పేల్చి చేపలు పట్టడం. గనుల ప్రాంతం కాబట్టి డిటోనేటర్, జిలెటిన్ అన్న మాటలు ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక్క పేలుడుకు పెద్ద చేపలే కాదు, గుడ్లు, పిల్లలు, వాటి తిండి అన్నీ పోతాయి. చేతులు, కళ్లు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1897 నాటి భారత మత్స్య చట్టం అప్పుడే దీన్ని నేరం చేసింది, నీళ్లలో విషం కలపడాన్నీ నేరం చేసింది. అయినా ఆగలేదు. ఒక చేపను చేత్తో చేసిన ఎరతో పట్టడంలో ఉన్న గౌరవం తెలిసిన కుర్రాడు నీళ్లలో మందు పేల్చడానికి పోడని నేను నమ్ముతున్నాను. ఈ క్లబ్బు కావాలని నేను పట్టుబట్టడానికి ఇది ఒక పెద్ద కారణం.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, మిరుగం నాడు. మృగశిర కార్తె వచ్చిందంటే తెలంగాణలో చేప తినని ఇల్లు అరుదు, ఖని మార్కెట్లో ఆ పొద్దు చేపల దగ్గర నిలబడడానికి చోటు దొరకదు. అందరి నోట చేపల మాటే ఉండే ఆ రోజు పదిమందిని పోగు చేయడం సులువు. అయితే ఆ రోజు మొదలయ్యేది బల్ల మీది పనే. వానలు పడ్డాక కొర్రమట్ట జత కట్టి గుడ్లు పెడుతుంది. ఆడ, మగ రెండూ పిల్లల గుంపు కింద కాపలా ఉంటాయి. నీటి మీద ఎర్రగా, నారింజ రంగులో పిల్లలు ముద్దగా కదులుతుంటే కింద తల్లీ తండ్రీ ఉన్నట్టే. ఆ గుంపు మీదుగా ఏది పోయినా అవి కోపంతో మీద పడతాయి. ఎర మీద కూడా పడతాయి. అది తెలిసి అక్కడే వేసేవాళ్లు ఉన్నారు. కాపలా చేపను తీసేస్తే నిమిషాల్లో మిగతా చేపలు వచ్చి పిల్లలను మింగేస్తాయి. కాబట్టి వానాకాలమంతా గాలం ముట్టకుండా చెక్కడం, రంగులు, తొట్టిలో ఈత పరీక్షలు పెట్టుకుందాం. బతుకమ్మ, దసరా అయ్యాక, సంఘం ఒప్పుకుంటే, నీళ్ల దగ్గరికి పోదాం. కొక్కెం మొన వెనక ఉండే చిన్న ముల్లును పట్టుకారుతో అణిచేస్తే, వదిలేయాల్సిన చేపను గాయం లేకుండా వదలవచ్చు.

చోటు పెద్ద సమస్య కాదు. ఒక బెంచ్ వైస్ బిగించేంత గట్టి బల్ల, మీద రేకు, కరెంటు ఉంటే సరి. సింగరేణిలో కార్మికుల ఆటపాటలకు వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది, కుటుంబాలకు కుట్టుపని లాంటివి నేర్పే సింగరేణి సేవా సమితి ఉంది. ఆదివారం, అంటే మన ప్లే డే నాడు, రెండు గంటలు ఒక గది అడిగితే కాదంటారని నేను అనుకోను. ఐటీఐ పిల్లలను తప్పకుండా పిలవాలి. ఫిట్టర్ ట్రేడులో మొదటి పాఠమే ఆకురాయి పట్టి ఇనుప ముక్కను చతురస్రంగా చేయడం. రోజుల తరబడి అదే రాకుతుంటే వాళ్లకు విసుగు పుడుతుంది. అదే ఆకురాయితో చెంచాను చేపగా మార్చమంటే ఎవరూ చెప్పకుండానే చెయ్యి తిరుగుతుంది. ఆడపిల్లలు, ఇంట్లో ఆడవాళ్లు కూడా రావాలి. ఇది మగవాళ్ల అడ్డాగా మారిందంటే సగం పనితనాన్ని బయట నిలబెట్టినట్టే. నెయిల్ పాలిష్‌తో చేప పొలుసులు దిద్దమంటే నా చెయ్యి వణుకుతుంది, ముగ్గు వేసే చెయ్యి వణకదు.

కొన్ని కట్టుబాట్లు మొదటి రోజే చెప్పుకోవాలి. మందు తాగి వచ్చినవాళ్లకు ప్రవేశం ఉండకూడదు, చెరువు దగ్గర సీసా తెరవకూడదు. చేపలు పట్టడం అంటే తాగడానికి పోవడం అన్న పేరు మన దగ్గర పడిపోయింది, ఆ పేరు ఉన్నంతకాలం ఏ తల్లీ కొడుకును పంపదు. పందేలు వద్దు. పిల్లల చేతికి కొక్కెం అన్నిటికన్నా చివర రావాలి, అప్పటిదాకా ఉత్త బొమ్మతోనే పని. రాకేటప్పుడు, డ్రిల్ వేసేటప్పుడు కళ్లద్దాలు, మూతికి గుడ్డ. దుమ్ము సంగతి బొగ్గు బాయి మనిషికి వేరే చెప్పాలా? సీసం కరిగించడం పూర్తిగా మానేద్దాం. గాలాలకు సీసం గుండ్లు మామూలే కానీ, ఆ పొగ పిల్లల మెదడుకు చేటు, చెరువులో పడిపోయిన గుండు నీటి పక్షులకు విషం. ఇంగ్లండులో చాలా సైజుల సీసం గుండ్లను 1987లోనే నిషేధించారు. మనకు చిన్న నట్లు, బోల్టు ముక్కలు, ఇత్తడి వాషర్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి.

వీటిని అమ్మితే డబ్బు వస్తుందా అని మొదటి రోజే అడిగేవాళ్లు ఉంటారు. రావచ్చు. బాగా కుదిరిన కప్ప ఎరకు కొనేవాళ్లు తప్పకుండా ఉంటారు. కానీ మొదటి ఏడాది ఆ మాట ఎత్తకపోతే మంచిదని నా అభిప్రాయం. అమ్మకం మొదలైతే బాగా చేసేవాళ్లే చేస్తారు, రానివాళ్లు పక్కన కూర్చుంటారు. నేర్పడం ఆగిపోతుంది. సొసైటీగా రిజిస్టర్ చేయించడానికి ఏడుగురు సభ్యులు చాలు కాబట్టి అదీ తొందర పడాల్సింది కాదు. అధ్యక్షుడు ఎవరు, కార్యదర్శి ఎవరు అన్న దగ్గర మొదలైతే ఎర తయారు కాకముందే రెండు వర్గాలవుతాయి. ఎన్నికల వేడి ఎట్లా ఉంటుందో మన ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. బల్ల దగ్గర ఎవరికి పని వస్తే వాళ్లే ఆ పూటకు పెద్ద.

ఇంతకూ మొదటి ఆదివారానికి కావాల్సినవి చెప్పేస్తాను, రాసుకోండి. మనిషికి ఒక పాత హవాయి చెప్పు, కడిగి ఎండబెట్టినది. కాడ విరిగిన చెంచా ఉంటే ఒకటి. పాత సీడీ, కూల్‌డ్రింక్ డబ్బా. ఇంట్లో ఆకురాయి, పట్టుకారు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లు చేతులు ఊపుకుంటూ రండి. స్టీలు తీగ, రెండు మొనల కొక్కేలు మాత్రం అందరం తలా కొంత వేసుకుని ఒకేసారి తెప్పిద్దాం, విడిగా కొంటే ఖరీదవుతాయి. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్లు పొద్దున రావద్దు, పడుకుని సాయంత్రం నాలుగింటికి రండి. నిద్రమత్తులో బ్లేడు పట్టడం మంచిది కాదు. మీ ఇంట్లో ఎనిమిదో తరగతి దాటిన పిల్లలుంటే వాళ్లను కూడా వెంట తీసుకురండి. పెద్దవాళ్లు ఒక్కరే వస్తే, వచ్చే వారం పిల్లలతో రమ్మని తిప్పి పంపేద్దాం.